కోళ్ల దాణాలో సుగంధ మూలికలు – 4వ పాఠం: వాము ఎందుకు పని చేయలేదు?

గత పాఠం చదివి, కోళ్ల పేగులో చెడ్డ బాక్టీరియా తగ్గాలని దాణాలో వాము పొడి కలిపినవారిలో ముగ్గురు దాదాపు ఒకే మాట రాశారు: ఇరవై రోజులైనా ఏ తేడా కనిపించలేదని. నాలుగో ఆయన కోళ్లు దాణా ముట్టడం లేదన్నారు. ఈసారి వెల్లుల్లి గురించి చెబుదామనుకున్నాను, కానీ ముందు ఇది తేలాలి.

ఎలా చేశారో అడిగితే తెలిసింది. ముగ్గురూ వామును వేయించి పొడి కొట్టారు. వేయిస్తే పొడి మెత్తగా వస్తుంది, నిజమే. ‘ఇల్లంతా ఘుమఘుమలాడింది’ అని ఒకరు సంతోషంగా రాశారు. మనం వాము వేసేదే ఆ ఘుమఘుమ కోసం. కోడి పేగుకు చేరాల్సింది ముక్కుకు చేరిపోయింది.

వాము గింజలో సుమారు 2 నుంచి 4 శాతం నూనె ఉంటుంది. అందులో పని చేసే పదార్థం ముఖ్యంగా థైమాల్. అది బాక్టీరియా కణం చుట్టూ ఉన్న పొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తుంది. లోపలి పొటాషియం బయటికి కారిపోయి కణం నీరసిస్తుంది. పేగును పుండ్లు చేసే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా ఈ దెబ్బకు త్వరగా లొంగుతుంది. మనకు కావలసిన మంచి బాక్టీరియా లాక్టోబాసిల్లస్ కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. మన ఆశంతా ఈ తేడా మీదే. అయితే థైమాల్ 50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఆపైన వేడి పెరిగేకొద్దీ గాలిలో కలిసిపోతుంది. వేడి పెనం మీద దానికి నిలకడ ఎక్కడిది?

వేయించడం ఒక్కటే కాదు. తులసిని ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టడం అదే తప్పు, నీడలో ఆరాలి. పుదీనాను మూత లేకుండా మరిగించి ఆ నీళ్లు పోయడం అదే తప్పు. వేడి వేడి జావలో పొడి కలపడం అదే తప్పు. మిక్సీని ఆపకుండా తిప్పితే గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, అదీ అదే తప్పు. దాణాను గుళికలుగా చేసే యంత్రంలో వేడి 80 డిగ్రీల దాకా పోతుంది, కాబట్టి పొడిని గుళికలయ్యాక చల్లాలి, ముందు కాదు. ఆరు నెలల కిందటి పొడిని మూత సరిగ్గా పట్టని డబ్బాలోంచి తీయడం కూడా ఇందులోకే వస్తుంది. నేను రోట్లో దంచుతాను. పొడి కాస్త బరకగా ఉన్నా ఫర్వాలేదు, మిగతా పని కందనకాయ చేసుకుంటుంది.

పరీక్ష సులువు. చిటికెడు పొడిని అరచేతిలో వేసి బొటనవేలితో రుద్దండి. వాసన ఘాటుగా ముక్కుకు తగలాలి, నాలుక మీద పెడితే చురుక్కుమనాలి. వేయించిన వాము కమ్మగా ఉంటుంది కానీ చురుకు తగ్గిపోతుంది. అలాంటి పొడి దాణాలోకి వద్దు.

ఇక కోళ్లు దాణా ముట్టడం లేదన్న నాలుగో ఆయన సంగతి. పొడి ఎక్కువైతే ఆ ఘాటుకే కోళ్లు దాణా వదిలేస్తాయి. కొలత కోడికి ఇంత అని కాదు, దాణా కిలోకు ఇంత అని. కిలోకు 5 గ్రాములు. తక్కెడతోనే తూచండి, చెంచాలను నేను నమ్మను. మొదటి రెండు రోజులు ఒక గ్రాముతో మొదలుపెట్టి వారంలో ఐదుకు చేరండి.

కలపడంలో ఓపిక కావాలి. 25 కిలోల దాణాకు 125 గ్రాముల పొడి. దాన్ని అంతే బరువు దాణాతో కలపండి. వచ్చిన పావు కిలోకు మరో పావు కిలో, అలా రెట్టింపు చేస్తూ 8 కిలోలయ్యాక మిగతా దాణాలో కలపండి. బస్తా పైన ఒక్కసారిగా కుమ్మరిస్తే ఒక కోడికి అంతా పొడే, ఇంకో దానికి ఏమీ ఉండదు.

థైమాల్ చాలావరకు పేగు మొదటి భాగంలోనే రక్తంలో కలిసిపోతుంది. బాక్టీరియా అత్యధికంగా ఉండే అంధనాళాల (చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే రెండు సంచుల) దాకా చేరేది కొద్దిగానే. అక్కడి మార్పు ఎక్కువగా పరోక్షం: పైన అరుగుదల బాగుంటే, అరగని మాంసకృత్తులు కిందికి తక్కువగా దిగుతాయి, వాటి మీద బతికే చెడ్డ బాక్టీరియాకు మేత తగ్గుతుంది. అంధనాళాల నుంచి రోజుకు కొన్నిసార్లు జిగటగా, ముదురు గోధుమ రంగులో, కంపు కొట్టే రెట్ట వస్తుంది. అది జబ్బు కాదు. రెట్టలో రక్తం కనిపిస్తే మాత్రం వాము డబ్బా పక్కన పెట్టి ఆ రోజే పశువైద్యుడిని పిలవండి.

అభ్యాసం: ఒకే ఈడు కోళ్లు ఇరవై తీసుకుని పదేసి చొప్పున రెండు గుంపులు చేయండి. ఒకదానికే పొడి. దాణా, నీళ్లు, వెలుతురు, నేల మీద పరుపు రెండింటికీ ఒకేలా ఉండాలి. 28 రోజుల పాటు పెట్టిన దాణాను, మిగిలిన దాణాను రోజూ తూచి రాయండి. ప్రతి ఏడో రోజు ప్రతి కోడినీ విడిగా తూచండి. ఏ గుంపు ఏదో తూచే మనిషికి చెప్పకండి. చివర తిన్న దాణాను పెరిగిన బరువుతో భాగించండి, కిలో బరువు పెరగడానికి ఎంత దాణా పట్టిందో తెలుస్తుంది. పది కోళ్లలో చిన్న తేడా యాదృచ్ఛికంగానూ వస్తుంది కనుక, ఇదే పరీక్షను వేర్వేరు విడతల కోళ్లతో మూడుసార్లు చేసి మూడు లెక్కలూ పంపండి.