నూలు ఎయిర్ ఫిల్టర్‌ను కడిగి, తిరిగి ఆయిల్ పట్టించే విధానం

కార్లలో సాధారణంగా వచ్చే కాగితపు ఎయిర్ ఫిల్టర్‌కు మట్టి పట్టితే తీసి కొత్తది వేయడం తప్ప మార్గం లేదు. కె అండ్ ఎన్ వంటి కంపెనీలు తయారుచేసే నూలు ఫిల్టర్‌ను మాత్రం మళ్లీ మళ్లీ కడిగి వాడుకోవచ్చు. అందులో తీగ జాలీల మధ్య పలుచని నూలు గుడ్డ పొరలు మడతలు మడతలుగా ఉంటాయి. ఆ గుడ్డ నేత వదులుగా ఉండటం వల్ల గాలి తేలికగా పోతుంది, ధూళిని పట్టి ఆపే పని చాలావరకు దానికి పట్టించిన ఆయిల్‌దే. కాబట్టి కడగడం ఎంత ముఖ్యమో, ఆయిల్‌ను సరైన మోతాదులో పట్టించడం అంతకంటే ముఖ్యం.

మంచి రోడ్ల మీద నడిచే కారుకు 80,000 కిలోమీటర్ల దాకా కడగనవసరం లేదని తయారీదారులు చెబుతారు. కంకర క్వారీల దారుల్లోనూ, నూర్పిళ్ల కాలంలో కళ్లాల పక్కనా తిరిగే కారుకు ఆ లెక్క చెల్లదు. ఫిల్టర్‌ను బయటికి తీసి, మురికి పట్టిన వైపు మడతల మీద జాలీ తీగ ఇంకా కనిపిస్తుంటే అలాగే ఉంచండి, తీగ కనబడనంతగా మట్టి పేరుకుంటే కడగండి.

ఇంజిన్ చల్లారాక, ఫిల్టర్ ఉండే పెట్టె అయిన ఎయిర్ బాక్స్ క్లిప్పులు విప్పి, ఫిల్టర్ ఏ వైపు ఎలా కూర్చుందో గుర్తుపెట్టుకుని తీయాలి. బాక్స్ లోపల తడిగుడ్డతో తుడిచి, ఇంజిన్‌లోకి పోయే గొట్టం నోటిని శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఫిల్టర్ లేకుండా కారును స్టార్ట్ చేయకూడదు కనుక, బండితో అవసరం లేని రోజునే ఈ పని పెట్టుకోవడం మంచిది.

ముందుగా ఫిల్టర్‌ను మెల్లగా తట్టి పొడి ధూళిని రాల్చి, దాని కోసమే అమ్మే క్లీనర్‌ను రెండు వైపులా తడిసేలా చల్లి, నీడలో 10 నిమిషాలు ఉంచాలి, అది ఆరిపోనివ్వకూడదు. తరువాత కుళాయిని సన్నగా తిప్పి, శుభ్రంగా ఉండే లోపలి వైపు నుంచి బయటి వైపుకు నీళ్లు పోనివ్వాలి. ఇటునుంచి కాక అటునుంచి పోస్తే మట్టి గుడ్డలోకి ఇంకా దిగుతుంది. మొదట నల్లగా, ఆపైన బూడిద రంగులో దిగే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, అవసరమైతే క్లీనర్‌ను మరోసారి చల్లాలి. పెట్రోలు, కిరోసిన్, సర్ఫు నీళ్లు, ప్రెషర్ వాషర్ దీనికి పనికిరావు.

ఆరబెట్టడంలో తొందరపడటమే నేను ఎక్కువగా చూసిన పొరపాటు. ఎయిర్ కంప్రెసర్ గాలి, హెయిర్ డ్రయ్యర్ వేడి గుడ్డను పాడుచేస్తాయి. నీళ్లు విదిలించి, గాలి ఆడే చోట రాత్రంతా ఉంచండి. గుడ్డలో తేమ మిగిలితే ఆయిల్ సమంగా పట్టదు.

ఫిల్టర్ ఆయిల్‌కు ఎరుపు రంగు కలపడం వల్ల అది ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో కంటికి తెలుస్తుంది. సీసా మూతిని మడత శిఖరం వెంట ఒక్కసారి మాత్రమే నడుపుతూ, ఒక్కో మడతకు ఒక్కో సన్నని గీత వేయండి. ఆ గీత కొద్దిసేపటికి వెడల్పవుతూ లోయలోకి దిగుతుంది. 20 నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలిన చోట్ల మాత్రమే చుక్క వేయండి. ఇంజిన్ ఆయిల్‌ను దీనికి బదులు వాడకండి.

ఆయిల్ ఎక్కువైతే గాలితో పాటు ముందుకు కొట్టుకుపోయి ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పొరగా పడవచ్చు. అప్పుడు గాలి లెక్క తప్పి, ఐడిలింగ్ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ నడక) కుదురుగా ఉండదు, చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలగవచ్చు. అందుకే కారుతున్న ఆయిల్‌ను టిష్యూతో అద్ది తీయాలి. సెన్సర్ మీద ఇప్పటికే పడి ఉంటే, దాని కోసమే తయారుచేసిన స్ప్రేతో, వేలు తగలనివ్వకుండా శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి.

బిగించేటప్పుడు రబ్బరు అంచు చుట్టూ ఎక్కడా సందు లేకుండా కూర్చోవాలి, గొట్టం మూసిన గుడ్డను తీయడం మరువకూడదు. వారం తిరిగాక బాక్స్ తెరిచి, ఫిల్టర్ లోపలి వైపు గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు మట్టి అంటితే అంచు సరిగా కూర్చోలేదో, ఆయిల్ ఎక్కడో పట్టలేదో అయి ఉంటుంది. ఫిల్టర్‌ను మళ్లీ తీసి ఆ రెండూ చూసుకోవాలి.