మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనే ముందు జాగ్రత్తలు

చేతిలో ఉన్న డబ్బంతా గిటారుకే పెట్టకండి. యాంప్లిఫయర్, కేబుల్, పట్టీ కూడా కొనాలి. యాంప్ లేకపోతే గిటారు శబ్దం పక్క గదికి కూడా సరిగ్గా వినబడదు. శ్రుతి చూసుకునే ట్యూనర్‌కు మాత్రం ఫోనులోని ఉచిత యాప్ చాలు.

తిరుపతిలో నచ్చింది దొరక్కపోతే రైల్లో చెన్నై వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. ఆన్‌లైన్ ధర తక్కువే, కానీ చేత్తో పట్టుకుని చూడకుండా మొదటి గిటారు కొనడం నాకు నచ్చదు.

దుకాణంలో ముందు నెక్, అంటే తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం చూడండి. మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వద్దు. కొద్దిపాటి వంపు అయితే లోపలి ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీతో సరిచేయవచ్చు. నెక్ అంచు వెంట వేలు జరపండి, ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) కొనలు గుచ్చుకోకూడదు. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి. ఖాళీ తీగను శ్రుతి చేసి 12వ ఫ్రెట్ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. కాస్త తేడా ఉంటే బ్రిడ్జ్ (గిటారు ఒంటి మీద తీగలు ఆనే భాగం) మీది శాడిల్ (తీగ కింది చిన్న దిమ్మ) జరిపి సరిచేయమనండి.

యాంప్‌కు తగిలించి నాబ్‌లన్నీ తిప్పండి, స్విచ్ మార్చండి, గరగర వస్తుందేమో వినండి.

తీగలు లాక్ అయ్యే ట్రెమొలో (మీటతో కదిలే బ్రిడ్జ్) వద్దు. చూడటానికి గొప్పగానే ఉంటుంది. తీగ తెగి కొత్తది వేసుకోవాల్సిన రోజు తెలుస్తుంది దాని సంగతి. కదలని బ్రిడ్జ్ మేలు.

పాతది కొంటే ఫ్రెట్లపై గుంటలు, హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు బిగించే తల) వెనుక పగుళ్లు చూడండి. బిల్లు అడగండి. మే నెల ఎండలో గిటారును కారులో వదిలి అలిపిరి మెట్లెక్కకండి.