మాజీ సైనికుల కుటుంబాలకు రావలసిన సాయం: హైదరాబాద్‌లో పని ఎక్కడ మొదలుపెట్టాలి

సైన్యంలో పనిచేసి వచ్చినవారికి, వారి కుటుంబాలకు ప్రభుత్వం కల్పించిన సదుపాయాలు తక్కువేమీ కావు. అయితే వాటి కోసం తిరిగేవారి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అర్హత లేక వచ్చేవి కావు, కాగితాల్లోని పేర్లు, పుట్టిన తేదీలు ఒకదానితో ఒకటి కలవక వచ్చేవి. కాబట్టి ఏ పథకానికి దరఖాస్తు చేయాలన్నా ముందుగా డిశ్చార్జ్ బుక్కు (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం), పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం సరిచూసుకోవాలి.

మన ఇళ్లలో ఈ తేడాలు రావడం సహజం. భర్తీ అయిన రోజుల్లో ఇంటిపేరును పొడి అక్షరంగా రాసినవారు, ఆధార్ వచ్చాక దాన్ని పూర్తిగా రాయించుకున్నారు. డిశ్చార్జ్ బుక్కులో భార్య పేరు ‘సావిత్రమ్మ’ అని మాత్రమే ఉంటుంది, ఆధార్‌లో ‘కొండూరి సావిత్రి’ అని, బ్యాంకులో ‘కె. సావిత్రీదేవి’ అని ఉంటుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు గాని, కుటుంబ పెన్షన్ మంజూరు చేసే అధికారికి మాత్రం ఆ ముగ్గురూ ఒకరేనని రుజువు కావాలి. పాత పీపీఓల్లో కొన్నిటిలో భార్య పుట్టిన తేదీ అసలు ఉండదు. 80 ఏళ్లు నిండిన పెన్షనరుకు మూల పెన్షన్‌పై 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు 100 శాతం అదనంగా వస్తుంది, ఇది కుటుంబ పెన్షన్‌కు కూడా వర్తిస్తుంది. పుట్టిన తేదీ నమోదు కాని వృద్ధురాలికి ఆ పెంపు తనంతట తానుగా రాదు.

ఈ దిద్దుబాటు మాజీ సైనికుడు జీవించి ఉండగానే చేయించుకోవడం అన్నివిధాలా మేలు. ఆయన సంతకం ఉన్న దరఖాస్తు, ఆధార్ నకలు, పెళ్లికి రుజువు, నోటరీ అఫిడవిట్ జతచేసి ఆయన విభాగానికి చెందిన, సైనికుల సర్వీసు వివరాలు భద్రపరిచే రికార్డ్స్ ఆఫీసుకు పంపాలి. ఆర్మీ ఆర్డినెన్స్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు) విభాగాలవారి రికార్డ్స్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉండటం మనవారికి కలిసివచ్చిన విషయం. ఆర్టిలరీ వారిది నాసిక్, మద్రాస్ రెజిమెంట్ వారిది వెల్లింగ్టన్, సిగ్నల్స్ వారిది జబల్‌పూర్. నౌకాదళ సెయిలర్ల రికార్డులు ముంబైలో, వాయుసేన వారివి ఢిల్లీలోని సుబ్రతో పార్కులో ఉంటాయి. ఎక్కడికి పంపవలసి వచ్చినా ప్రాంతీయ సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపితే కాగితానికి ఒక దారి, మనకు ఒక రసీదు ఉంటాయి.

హైదరాబాద్‌లో స్థిరపడిన మాజీ సైనికులు సోమాజిగూడలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుని గుర్తింపు కార్డు తీసుకోవాలి. సొంత జిల్లాలో ఎప్పుడో నమోదై ఉండి, పిల్లల చదువుల కోసం నగరానికి వచ్చినవారు ఆ నమోదును ఇక్కడికి మార్పించుకోవాలి. లేకపోతే మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్ర సంస్థ అయిన కేంద్రీయ సైనిక్ బోర్డుకు ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తు పరిశీలన కోసం పాత జిల్లాకే వెళ్లి కూర్చుంటుంది. భర్త పోయిన తర్వాత భార్య కూడా తన పేరిట విడిగా గుర్తింపు కార్డు తీసుకోవాలని చాలా కుటుంబాలకు తెలియదు.

పెన్షనరు మరణిస్తే మొదట మరణ ధ్రువపత్రం తీసుకుని, ఆ సంగతి రక్షణ శాఖ పెన్షన్లు ఆన్‌లైన్‌లో నడిచే స్పర్శ్ పోర్టల్‌లోను, రికార్డ్స్ ఆఫీసుకు రాతపూర్వకంగాను తెలపాలి. మరణించిన తేదీ తర్వాత ఖాతాలో పడిన పెన్షన్‌ను తీసి వాడుకుంటే తరువాత వసూలు చేస్తారు కనుక దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. స్పర్శ్ వాడకం తెలియనివారు సికింద్రాబాద్ స్టాఫ్ రోడ్డులోని రక్షణ శాఖ అకౌంట్స్ కార్యాలయంలో గాని, దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌లో గాని సాయం పొందవచ్చు.

కుటుంబ పెన్షన్ లెక్క విషయంలో అపోహలు ఎక్కువ. రిటైరైన సైనికుడు మరణిస్తే, ఆయన మరణించిన నాటి నుంచి ఏడేళ్లు లేదా ఆయనకు 67 ఏళ్లు నిండే రోజు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అంతవరకు హెచ్చు రేటు, అంటే చివరి జీతంలో 50 శాతం దాకా, ఆయన పొందిన పెన్షన్‌కు మించకుండా ఇస్తారు. ఆ తరువాత అది 30 శాతానికి తగ్గుతుంది. 55 ఏళ్ల వయసులో పోయినవారి భార్యకు ఏడేళ్లూ హెచ్చు రేటు అందుతుంది. 64లో పోయినవారి భార్యకు మూడేళ్లే అందుతుంది. 70లో పోతే మొదటి నెల నుంచే సాధారణ రేటు. ఏడేళ్ల తరువాత ఒక్కసారిగా మొత్తం తగ్గినప్పుడు ఎవరో కోత పెట్టారని కంగారుపడి మధ్యవర్తుల చేతుల్లో పడేవారు ఈ లెక్క ముందే తెలుసుకోవడం అవసరం. సైనిక సేవ కారణంగా సంభవించిన మరణానికి 60 శాతం ప్రత్యేక కుటుంబ పెన్షన్, యుద్ధంలో మరణించినవారి కుటుంబానికి చివరి జీతంతో సమానమైన పెన్షన్ వర్తిస్తాయి. సొంతంగా బతకలేని వైకల్యం ఉన్న సంతానానికి తల్లిదండ్రుల తరువాత జీవితాంతం కుటుంబ పెన్షన్ వచ్చే వీలుంది గనుక, ఆ బిడ్డ పేరు, వైకల్య ధ్రువపత్రం తల్లిదండ్రులు ఉండగానే రికార్డులో చేర్పించాలి.

ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం దగ్గర చిన్న పొరపాటుకే పెన్షన్ ఆగిపోతుంది. స్పర్శ్‌కు మారినవారు పంపిణీ సంస్థగా తమ బ్యాంకును ఎంచుకోకూడదు. ‘స్పర్శ్ – పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్’ అనే దాన్ని ఎంచుకోవాలి. పొలం పనులు చేసి వేలిముద్రలు అరిగిన పెద్దలకు యంత్రం పలకకపోతే, ఫోన్‌లో ముఖం చూపి ధ్రువీకరించే పద్ధతి ఉంది. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెడితే ఇంట్లోనే పని అవుతుంది.

వైద్యానికి 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) ఉంది. పెన్షన్ పొందేవారు, వారిపై ఆధారపడినవారు ఇందులో చేరవచ్చు. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారు, యుద్ధంలో భర్తను కోల్పోయినవారు చందా కట్టనక్కర్లేదు. కొడుకుకు 25 ఏళ్లు నిండడం, సంపాదన మొదలుకావడం, పెళ్లి కావడం, ఈ మూడింటిలో ఏది ముందు జరిగితే అక్కడితో అతని అర్హత ముగుస్తుంది. కూతురికి సంపాదన వచ్చేవరకు లేదా పెళ్లయ్యేవరకు ఉంటుంది. మామూలుగా ఈ పథకానికి చెందిన పాలీక్లినిక్‌లో చూపించుకుని, వారిచ్చే రిఫరల్‌తో ఎంప్యానెల్ (పథకం జాబితాలో ఉన్న) ఆసుపత్రికి వెళ్లాలి. ప్రాణాపాయంలో దగ్గరున్న ఏ ఆసుపత్రికైనా వెళ్లవచ్చు, కాని అది జాబితాలో లేని ఆసుపత్రి అయితే 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలియజేయకపోతే బిల్లు రాబట్టుకోవడం కష్టమవుతుంది.

పెన్షన్ రానివారు తమకు ఏమీ లేదని ఊరుకోవడం అన్నిటికన్నా బాధాకరం. జవాన్లకు పెన్షన్ రావాలంటే సాధారణంగా 15 ఏళ్ల సర్వీసు కావాలి. అంతకు ముందే బయటికి వచ్చి, పెన్షన్ లేకుండా 65 ఏళ్లు దాటిన హవల్దార్ స్థాయి వరకు ఉన్నవారికి, వారి వితంతువులకు రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి పేదరిక సాయం అందుతుంది. నెలకు రూ. 4,000గా ఉన్న ఈ మొత్తాన్ని 2025 అక్టోబరులో రూ. 8,000కు పెంచారు. అదే నిర్ణయంతో, అదే హవల్దార్ స్థాయి వరకు వర్తించే సాయాల్లో ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి ఇచ్చే విద్యా సాయం నెలకు రూ. 1,000 నుంచి రూ. 2,000కు, కూతురి పెళ్లికి ఇచ్చే సాయం రూ. 50,000 నుంచి లక్షకు పెరిగాయి. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు కొత్త మొత్తాలు వర్తిస్తాయి. పెళ్లి సాయానికి ఆలస్యం పనికిరాదు. శుభలేఖలు అచ్చు వేయించేటప్పుడే అమ్మాయి పేరు డిశ్చార్జ్ బుక్కులో ఉందో లేదో చూసుకోవాలి.

వృత్తి విద్యా కోర్సుల మొదటి సంవత్సరంలో చేరినవారికి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. అబ్బాయిలకు నెలకు రూ. 2,500, అమ్మాయిలకు రూ. 3,000 ఇస్తారు. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. రెండో ఏడాదిలోకి వచ్చాక కొత్తగా పెట్టే దరఖాస్తు చెల్లదు కాబట్టి కాలేజీలో సీటు ఖాయం కాగానే గడువు చూసుకోవాలి.

పేదరిక, విద్యా, పెళ్లి సాయాలకు, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లోనే ఉచితంగా పెట్టుకోవచ్చు. మంజూరైన దానిలో వాటా అడిగే ఏజెంట్లకు డిశ్చార్జ్ బుక్కు అసలు ప్రతి ఎట్టి పరిస్థితిలోను ఇవ్వకూడదు. దరఖాస్తు పంపాక సంక్షేమ కార్యాలయంలో అసలు పత్రాలు చూపించి పరిశీలన పూర్తి చేయించుకోవాలి, ఆపై తరచుగా లాగిన్ అయి స్థితి చూస్తుండాలి. అభ్యంతరం ఏదైనా ఉంటే అది పోర్టల్‌లోనే కనిపిస్తుంది. ఇంటికి ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తే దిద్దుకోవలసిన గడువు దాటిపోతుంది.