సైకిల్ పండుగకు ముందు ఇవి చూసుకోండి

రూట్‌ను ముందుగా సైకిల్ మీదే తిరిగి చూడండి. కారులో వెళ్తే చాలా కనిపించవు: మలుపులో పేరుకున్న ఇసుక, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్. అన్నిటికంటే ప్రమాదం డ్రైనేజీ జాలీ. దాని కడ్డీలు సైకిల్ వెళ్లే దిశలోనే ఉంటే సన్నటి టైరు సందులో దిగబడి, మనిషి ముందుకు ఎగిరి పడతాడు. అలాంటి చోట ఒక వాలంటీర్‌ను నిలబెట్టండి. కుదిరితే రూటే మార్చేయడం మేలు.

పోలీసుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అంబులెన్స్, ఫస్ట్ ఎయిడ్, తాగునీళ్లు ఖరారు చేసుకోండి.

బయల్దేరే చోట ప్రతి సైకిల్‌కూ గాలి, బ్రేకులు, చైన్ చూడాలి. ముందు బ్రేకు నొక్కిపట్టి సైకిల్‌ను తోయండి. చక్రం తిరిగితే బాగుచేశాకే పంపాలి. హెల్మెట్ బెల్టు గడ్డం కింద వదులుగా వేలాడుతుంటే పెట్టుకోనట్టే లెక్క.

చిన్నపిల్లలను పెద్దల గుంపులో వదలొద్దు. వాళ్లకు వాహనాలు రాని చిన్న రూట్ వేరే ఉండాలి. తల్లిదండ్రులు ఎంత బతిమాలినా ఈ విషయంలో మెత్తబడకండి.

అందరి వెనక అనుభవమున్న రైడర్ ఒకరు పంపు, పంక్చర్ కిట్‌తో రావాలి. ఆ రైడర్ దాటే వరకు కూడళ్లలో వాలంటీర్లు కదలకూడదు. వర్షం పడితే వాయిదా నిర్ణయం ఎవరిదో, ఎన్నింటికల్లా చెప్పాలో ముందురోజే తేల్చుకోండి.