పిల్లల సాకర్‌లో గోల్ కిక్ రూల్స్, సైడ్‌లైన్‌లో నిలబడే అమ్మానాన్నల కోసం

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్లల్లో శనివారం వస్తే చాలు పిల్లల్ని సాకర్ గేమ్‌కి తీసుకెళ్లడమే పని, మనమేమో క్రికెట్ చూస్తూ పెరిగాం, ఎల్బీడబ్ల్యూ గురించి ఎంతైనా చెప్తాం గానీ గోల్ కిక్ దగ్గర రిఫరీ విజిల్ ఎందుకు వేశాడో చాలామందికి అర్థం కాదు. అందుకే వివరంగా రాస్తున్నా.

ఎటాక్ చేసే టీమ్‌కి చివరగా తగిలి, గోల్ అవ్వకుండా, బాల్ గోల్ లైన్ (గోల్ ఉండే వైపు గ్రౌండ్ చివరి గీత) పూర్తిగా దాటితే గోల్ కిక్, అంటే డిఫెండ్ చేసే టీమ్ తమ గోల్ ముందు నుంచి బాల్ కొట్టి ఆట మళ్లీ మొదలుపెడుతుంది. డిఫెండ్ చేసేవాళ్లకి తగిలి దాటితే కార్నర్, అంటే ఎటాక్ చేసే టీమ్ గ్రౌండ్ మూల నుంచి కొడుతుంది. "పూర్తిగా" అన్నది ముఖ్యం, బాల్ ఏ కొంచెం లైన్ మీద ఉన్నా ఆట నడుస్తున్నట్టే.

బాల్‌ని గోల్ ముందున్న చిన్న బాక్స్‌లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కదలకుండా ఉండాలి అంతే. గోల్ కీపరే కొట్టాలని ఏం లేదు, ఆ టీమ్‌లో ఎవరైనా కొట్టొచ్చు. అవతలి టీమ్ వాళ్లు మాత్రం పెద్ద బాక్స్, అంటే పెనాల్టీ ఏరియా బయట ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. 2019కి ముందు బాల్ పెనాల్టీ ఏరియా దాటితేనే ఆట మొదలైనట్టు, ఇప్పుడు అలా కాదు, కాలు తగిలి బాల్ స్పష్టంగా కదిలితే చాలు. అంటే మన డిఫెండర్ బాక్స్ లోపలే నిలబడి పాస్ తీసుకోవచ్చు. దీనివల్లే ఇంకో చిక్కు కూడా ఉంది, చిన్న కీపర్ కాలు సరిగ్గా తగలక బాల్ రెండడుగులు దొర్లింది అనుకోండి, కంగారులో పరిగెత్తి మళ్లీ తనే తన్నేస్తాడు, పాతకాలంలో అయితే కిక్ మళ్లీ కొట్టించేవాళ్లు, ఇప్పుడు అవతలి టీమ్‌కి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని ఫ్రీ కిక్) ఇస్తారు. కాబట్టి పిల్లలకి ముందే చెప్పండి, ఒకసారి కొట్టాక వేరేవాళ్లకి తగిలేదాకా నువ్వు ముట్టుకోకు అని.

గోల్ కిక్ నుంచి నేరుగా బాల్ అందుకుంటే ఆఫ్‌సైడ్ (అవతలి డిఫెండర్లని దాటి ముందే నిలబడి బాల్ అందుకునే తప్పు) ఉండదు, అనవసరంగా అరవకండి. బాల్ ఎవరికీ తగలకుండా సొంత గోల్‌లోకి వెళ్తే గోల్ కాదు, అవతలి టీమ్‌కి కార్నర్.

యూ9, యూ10 (అంటే 9, 10 ఏళ్ల లోపు) వాళ్లు ఆడే 7 మంది గేమ్‌లో బిల్డ్ అవుట్ లైన్ అని ఇంకోటి ఉంటుంది, పెనాల్టీ ఏరియాకీ హాఫ్ లైన్‌కీ మధ్యలో గీస్తారు. గోల్ కిక్ అప్పుడు అవతలి పిల్లలంతా ఆ లైన్ వెనక్కి వెళ్లాలి, కిక్ కొట్టాకే ముందుకు రావాలి. ఆ వయసు పిల్లలు భయం లేకుండా వెనక నుంచి పాసులు ఇచ్చుకుంటూ ఆడడం నేర్చుకోవాలనే ఇది పెట్టారు, మనమేమో బయట నుంచి "గట్టిగా కొట్టు, దూరంగా కొట్టు" అని అరిచి ఆ అవకాశం పాడు చేస్తున్నాం, నాకు నిజంగా బాధేస్తుంది. పైగా ఈ వయసులో హెడింగ్ కూడా నిషేధం, ఎత్తుగా వచ్చిన బాల్‌ని కావాలని తలతో ఆడితే ఫ్రీ కిక్ ఇచ్చేస్తారు, ఇక పైకి లేపి కొట్టి లాభమేంటి? లీగ్‌ని బట్టి చిన్నచిన్న తేడాలుంటాయి, సీజన్ మొదట్లోనే కోచ్‌ని అడిగేయండి.

ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేయించాలంటే ఒక డిఫెండర్ ఉండే చోట, పక్కకి దూరంగా ఒక కోన్ పెట్టండి, పాదం లోపలివైపుతో నేల మీద పాస్ కొట్టించండి. గోల్ ముందు నుంచి అడ్డంగా మాత్రం వద్దు, అది అవతలి వాళ్లకి దొరికితే గోలే. అవతలి ఫార్వర్డ్ ఎక్కడున్నాడో చూసుకుని, ఖాళీగా ఉన్న వైపు కొట్టడం అలవాటు చేయండి.