ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఆశ్రమానికి కుటుంబంతో వెళ్లేటప్పుడు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో బిడ్డ పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో అనాథాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించే అలవాటు చాలామందికి ఉంది. అయితే ఆ ఆశ్రమంలో ఉన్నది సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండకపోవడం), ఆటిజం, బుద్ధిమాంద్యం వంటి స్థితులున్న పిల్లలైతే మామూలు సన్నాహాలు సరిపోవు. నాలుగేళ్ల కిందట మా బాబు పుట్టినరోజున మారతహళ్లి నుంచి మేం కేకు, బెలూన్లు, బిర్యానీ తీసుకుని అలాంటి ఒక ఆశ్రమానికి వెళ్లాం. బెలూన్ ఒకటి పేలగానే మూలన కూర్చున్న ఒక పిల్లవాడు చెవులు మూసుకుని గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ పిల్లల్లో చాలామంది బిర్యానీ నమలలేరని అక్కడి ఆయా చెప్పేదాకా మాకు తట్టనే లేదు. ఆ తప్పులు మరొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఆశ్రమం నిర్వాహకులతో ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడండి. పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి కాబట్టి, ఆ నమోదు ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పిల్లల భోజనం, నిద్ర, ఫిజియోథెరపీ వేళలు తెలుసుకుని, వాటికి అడ్డుపడని గంటో గంటన్నరో వారినే చెప్పమనండి. నవంబరు 14న, కొత్త సంవత్సరం రోజున ఇలాంటి చోట్లకు వచ్చేవారు ఎక్కువ. ఏ విశేషమూ లేని ఒక శనివారం ఉదయం వెళితే పిల్లలూ అలసిపోరు, మీరూ వారితో నిదానంగా గడపగలుగుతారు. ఒకేసారి నలుగురైదుగురికి మించి వెళ్లకపోవడం మంచిది. అక్కడున్నవారంతా తల్లిదండ్రులు లేని పిల్లలే అనుకోకండి. సాకే స్తోమత లేక అమ్మానాన్నలే అప్పగించిన పిల్లలూ ఉంటారు. అందుచేత "మీ అమ్మానాన్నలు ఎక్కడ?" అని ఏ బిడ్డనూ అడగకూడదు.

ఇంటి పిల్లలను సిద్ధం చేయడానికి వారం రోజులైనా కేటాయించండి. అక్కడ కొందరికి నోటి నుంచి చొంగ కారుతుందని, కొందరు ఉన్నట్టుండి గట్టిగా అరుస్తారని, మాట రానంత మాత్రాన అర్థం కాదని అనుకోకూడదని ముందే చెప్పాలి. మా పాప "వాళ్లకు తగ్గిపోతుందా?" అని అడిగినప్పుడు, చాలావరకు ఇవి జ్వరంలా తగ్గిపోయే జబ్బులు కావని, అయితే శిక్షణతో వాళ్లు ఎన్నో నేర్చుకుంటారని చెప్పాం. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఒకే గదిలోని ఇద్దరు పిల్లల అవసరాలు కూడా ఒకేలా ఉండవని పిల్లలకు వివరించడానికి ఆ సంఖ్య ఒక్కటి చాలు. పిల్లలకంటే పెద్దవారికే ఎక్కువ చెప్పుకోవలసి వస్తుందని నా అనుభవం. మన నోట "అయ్యో పాపం" అన్న మాట అలవాటుగా వచ్చేస్తుంది. "ఏ జన్మలో చేసుకున్నదో" అని ఆ బిడ్డ ముందే నిట్టూర్చే బామ్మలూ ఉన్నారు. మా అత్తయ్యగారికి ఈ సంగతి ఇంటి దగ్గరే సున్నితంగా చెబితే ఆవిడ అర్థం చేసుకున్నారు.

ఏం తీసుకెళ్లాలన్నది మీరు నిర్ణయించకుండా వారినే అడగండి. వండిన భోజనం విషయంలో మరీ జాగ్రత్త అవసరం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి మింగడం కష్టం కాబట్టి, ముద్దో నీళ్లో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. అందుకే కొందరికి అన్నం మెత్తగా చిదిమి, నిటారుగా కూర్చోబెట్టి పెడతారు. ఆయా చెప్పకుండా ఒక్క చాక్లెట్ ముక్క కూడా ఎవరి నోటికీ అందించకండి. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, రాగిపిండి, వారు చెప్పిన సైజు డైపర్లు, రబ్బరు షీట్లు, దుప్పట్లు ఎప్పుడూ పనికొస్తాయి. బట్టలిచ్చేటప్పుడు ముందువైపు తెరుచుకునే చొక్కాలు, ఎలాస్టిక్ నడుము ఉన్న ప్యాంట్లు ఎంచుకోండి. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన బిడ్డకు తలమీదుగా బట్ట తొడగడం ఆ బిడ్డకూ ఆయాకూ యాతనే. డబ్బు ఇస్తే బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. వస్తువులకు, 2,000 రూపాయలు దాటిన నగదుకు అది రాదు.

లోపలికి వెళ్లాక అది వారి ఇల్లని గుర్తుంచుకుని నడుచుకోవాలి. ఇక్కడి పిల్లల్లో ఎక్కువమందికి అలవాటైన భాష కన్నడం కాబట్టి "నిన్న హెసరేను?" (నీ పేరేమిటి?), "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) వంటి నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి. చక్రాల కుర్చీలోని బిడ్డతో మాట్లాడేటప్పుడు ఆ కళ్ల ఎత్తుకు కిందికి కూర్చోవాలి. అడగకుండా కుర్చీని తోయకూడదు. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగండి, ఎందుకంటే కొందరికి జవాబు కూడగట్టుకోవడానికి అంత సమయం పడుతుంది. మనం తొందరపడి రెండో ప్రశ్న వేస్తే ఆ జవాబు ఎప్పటికీ బయటికి రాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి తాకితే, కౌగిలించుకుంటే ఇబ్బందిగా ఉంటుంది. ముద్దొచ్చి ఎవరినైనా ఎత్తుకోబోయే ముందు కూడా ఆయాను అడగండి, కొందరికి ఎముకలు బలహీనంగా ఉండవచ్చు, తుంటి కీళ్లు తప్పి ఉండవచ్చు. మెత్తని గుడ్డ బంతి, లావుపాటి క్రేయాన్లు, చప్పట్లతో నెమ్మదిగా పాడే పాటలు చాలు.

ఎవరికైనా మూర్ఛ వస్తే మీ పిల్లలను పక్కకు తీసుకెళ్లి సిబ్బందిని పిలవండి. ఆ బిడ్డను ఒక పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టాలి, చుట్టూ తగిలే వస్తువులు తీసేయాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మన ఊళ్లలో చూసిన పద్ధతులే అయినా వాటి వల్ల ఉపయోగం లేదు, రెండోది ప్రమాదం కూడా. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఫొటోల విషయంలో నేను కఠినంగానే ఉంటాను. ఇలాంటి పిల్లలను గుర్తుపట్టగలిగేలా పేరు, ఫొటో ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. దానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, మన బిడ్డకు అన్నం తినిపిస్తూ ఎవరో తీసిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తే మనం ఒప్పుకుంటామా? మేం ఫోన్లు కారులోనే ఉంచి వెళ్తాం.

బయల్దేరేటప్పుడు, రాగలమన్న నమ్మకం లేకుండా "మళ్లీ వస్తాం" అని చెప్పకండి. రోజులు లెక్కపెట్టుకుని ఎదురుచూసే పిల్లలు ఉంటారు. వెళ్లగలిగితే నెలకొకసారి అదే వారం, అదే వేళకు వెళ్లండి, ఎందుకంటే రోజువారీ క్రమం తప్పకపోవడమే ఆటిజం ఉన్న పిల్లలకు ధైర్యం. మేం ఇప్పుడు ప్రతి నెలా రెండో శనివారం పది గంటలకు వెళ్తున్నాం. మా ఇంట్లో ఎవరికైనా జలుబు, దగ్గు ఉంటే వారిని ఇంట్లోనే ఉంచి, ముందురోజు రాత్రే ఆశ్రమానికి ఫోన్ చేసి, రేపు ఎవరు వస్తున్నారో, ఎవరు రావడం లేదో చెబుతాం, పొద్దున్నే ఆయా ఆ మాట పిల్లలకు చెప్పి ఉంచడానికి.