చేతులు ముందే ముదిరిపోతున్నాయా? క్రీము కొనే ముందు ఇది చూడండి

ముందు ఒక చేతి వెనుక వైపును రెండో చేయి జబ్బ లోపలి చర్మానికి ఆనించి చూడండి. రెండింటి వయసూ ఒకటే. రంగులో, ముడతల్లో కనిపించే తేడా చాలావరకు ఎండ చేసిందే. అర నిమిషం పట్టే ఈ పరీక్ష ఎవరూ చేసుకోరు, క్రీముల మీద క్రీములు మాత్రం కొంటారు.

గరుకుదనం, సన్నటి గీతలు, తెల్లటి పొట్టు: ఇది పొడిదనం. వేడినీళ్లు, డిటర్జెంట్లు మానండి, గిన్నెలు తోమేటప్పుడు తొడుగులు వేసుకోండి. కడిగిన చేతి తడి పూర్తిగా ఆరకముందే గ్లిజరిన్ ఉన్న క్రీము, రాత్రి పెట్రోలియం జెల్లీ రాయండి.

గోధుమరంగు మచ్చలు, ముడతలు: అసలు చిక్కు ఇక్కడే. "నేను ఎండలోకే వెళ్లను" అన్న ఒకావిడ మాట నమ్మి, నెలల తరబడి మచ్చల క్రీము వాడించాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చాయి. ఒకరోజు రెండు చేతులూ బల్ల మీద పెట్టించి చూస్తే, మచ్చలు ఎక్కువగా ఎడమ చేతి మీదే ఉన్నాయి. ఆమె రోజంతా కూర్చునే చోట కిటికీ ఎడమ పక్కనే! ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని కమిలించే రకమైన యూవీబీని మామూలు గాజు చాలావరకు ఆపుతుంది కాబట్టి చర్మం కమలదు, మనకు అనుమానమూ రాదు. ముడతలు తెచ్చే రకమైన యూవీఏ మాత్రం లోపలికి వచ్చేస్తుంది. కారు పక్క అద్దాలు కూడా చాలావాటిలో అంతే.

పొద్దున సన్‌స్క్రీన్ రాశాను కదా అంటారు. ముఖం మీదిది కొంతసేపైనా ఉంటుంది, చేతుల మీదిది మొదటిసారి సబ్బుతో కడగగానే పోతుంది. అందుకే ట్యూబు చేతులు కడిగే చోటే పెట్టుకోండి. ఎస్‌పీఎఫ్ (ట్యూబు మీద రాసే ఎండ రక్షణ అంకె) 30కి తగ్గకుండా, యూవీఏను కూడా ఆపే బ్రాడ్ స్పెక్ట్రమ్ రకం తీసుకోండి. కడిగిన ప్రతిసారీ, బయట ఉంటే రెండు గంటలకోసారి రాయండి. ఇది కుదిరాకే రాత్రిపూట రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీము, అదీ మొదట్లో రోజు విడిచి రోజు. ఫలితానికి నెలలు పడుతుంది. గర్భిణులు రెటినాల్ వాడకూడదు. దయచేసి నిమ్మరసం రుద్దకండి. దాని మీద ఎండ పడితే బొబ్బలెక్కి, కొత్త మచ్చలు పడొచ్చు.

నరాలు తేలడం: చర్మం కింది కొవ్వు తగ్గడం వల్ల. క్రీముతో పోదు. కావాలంటే చర్మవైద్యుల దగ్గర ఫిల్లర్లు (చర్మం కింద నింపే ఇంజెక్షన్లు) ఉన్నాయి.

జెల్ గోళ్లరంగు ఆరబెట్టే దీపం నుంచీ యూవీఏ వస్తుంది. వేళ్ల కొసలు తెరిచి ఉన్న తొడుగు వేసుకుంటే చాలు.

ఒక్క మచ్చే పెరుగుతున్నా, అంచు గానీ రంగు గానీ మారుతున్నా, రక్తం కారినా క్రీమూ లేజరూ పక్కన పెట్టి ముందు చర్మవైద్యులకు చూపించండి.